ఖాళీ గొట్టంలో పైన్ చెట్టు

మా ఇంట్లో స్నానం గురించి జరిగినంత హడావిడి ఇంకే ఇంట్లోనూ జరిగి ఉండదు. మా మనవరాలు పొద్దున్నే తలారా నీళ్లు పోసుకుని, ఉతికిన బట్టలు వేసుకుని, దేన్నీ తాకకుండా లాబ్‌కి వెళ్లేది. ఎందుకయ్యా అంటే, బురద ముట్టుకోవడానికి. బురద ముట్టుకున్నాక స్నానం చేసేవాళ్లను చూశాను గానీ, ముట్టుకునే ముందు చేసే మనిషి మాత్రం ఇదొక్కతే.

దాన్ని నేను ఉడత అంటాను. నడక రాకముందే వాళ్ల నాన్న పేర్చిన చెక్కల మీదికి పాకేసేది. నా కొడుకు వడ్రంగి. కింద కొట్టు, పైన ఇల్లు. అలమరలైనా మంచాలైనా ఎక్కువగా పైన్ చెక్కతోనే చేస్తాడు. రంపం మిషన్ వేశాడంటే పైన గిన్నెలు కూడా గలగలమంటాయి.

ఉడత డాక్టరేటు అయ్యాక కూడా పరిశోధన అంటూనే ఉంది. "ఇది చదువు కాదు నాయనమ్మా, ఉద్యోగం. పోస్ట్‌డాక్ అంటారు" అనేది. ఎన్నాళ్లుంటుందే ఆ ఉద్యోగం అని అడిగితే మాత్రం మాట మార్చేసేది.

దాని పని నాకు అర్థమైనంతవరకు ఇదీ. దూరంగా ఒక బోడికొండ, దానిమీద ఒక చెరువు. చెరువు అడుగున ఏటేటా బురద పొరలు పొరలుగా పేరుకుంటుంది. చుట్టూ పెరిగిన మొక్కల ఆకులూ వేళ్లూ కుళ్లిపోయినా, వాటి డి.ఎన్.ఏ. తునకలు ఆ బురదలో మిగిలిపోతాయి. పొడుగాటి గొట్టం దింపి, పొరలు చెదరకుండా పైకి తీసి వెతికితే, వేల ఏళ్ల కిందట ఆ కొండమీద ఏం పెరిగిందో తెలుస్తుంది. నా పెళ్లినాటి చీరల రంగులన్నీ గుర్తున్నాయని గొప్పలు పోయేదాన్ని. ఆ బురద ముందు నేనెంత!

అందులో దానికి పైన్ కనిపించింది. గడ్డి తప్ప ఇంకేమీ లేని కొండమీద ఒకప్పుడు పైన్ అడవి! వాళ్ల పెద్దమేడం పొంగిపోయి సభలో చెప్పేసింది. ఆ మాట నమ్మి అడవుల శాఖవాళ్లు కొండమీద నాటడానికి పైన్ మొక్కలు కూడా పెంచుతున్నారు. ఉడత ఉద్యోగం పొడిగిస్తారా లేదా అన్నదీ ఈ పైన్ మీదే ఉంది.

"చూశావామ్మా, నాకు అన్నం పెట్టిన చెట్టే నీకూ పెడుతోంది" అని వాళ్ల నాన్న మురిసిపోయాడు.

ఓ సాయంత్రం అది ఇంట్లోకి రాకుండా మెట్లమీదే కూలబడింది.

"ఏమే, అక్కడే కూర్చున్నావేం?"

"ఖాళీ గొట్టంలో పైన్ వచ్చింది నాయనమ్మా."

లాబ్‌లో బురద వేసిన చిన్న గొట్టాలతో పాటు ప్రతిసారీ ఏమీ వేయని గొట్టం ఒకటి పెడతారట. వాటికి చేసినవన్నీ దానికీ చేస్తారు. అందులో ఏ మొక్కా కనిపించకూడదు. కనిపించిందంటే అది చెరువులోది కాదు, మనుషులు మోసుకొచ్చింది.

"మేడం ఏమంది?"

"ఖాళీ దాంట్లో కొంచెమే కదా, బురదలో బోలెడుంది, కంగారుపడకు అంది."

"మరి నువ్వేమంటావ్?"

కింద రంపం మోగుతోంది. ఎంత ఊడ్చినా మెట్లమీద వచ్చి పడే పసుప్పచ్చ చెక్కపొట్టు వైపు చూస్తూ, అది తన జడలోంచి ఒక పొట్టు తునక తీసి నా అరచేతిలో పెట్టింది.

"లాబ్‌వాళ్లు తోటలోకి వెళ్లొద్దన్నారు, పళ్లు తెచ్చుకోవద్దన్నారు. అన్నీ విన్నాను. మా ఇల్లెక్కడో ఎవరూ అడగలేదు. నాకూ తట్టలేదు" అంది.

అప్పటికే రంపం ఆగిపోయి ఉంది. వెనక్కి తిరిగితే నా కొడుకు కింది మెట్టు దగ్గర నిలబడి ఉన్నాడు.

మళ్లీ మొదట్నుంచి చేస్తానని ఉడత కొత్త బట్టలు కొనుక్కుని లాబ్ పక్కన హాస్టల్లో చేరింది. వీడేమో పైన్ చెక్క ముట్టడం మానేశాడు. వచ్చిన బేరాలన్నీ పక్కకొట్టుకు పంపేసేవాడు.

"అది ఇక్కడ లేదుగా, పని చేసుకోరా" అన్నాను.

"ఇన్నాళ్లూ దాని జుట్టు నిమిరి పంపానమ్మా. అంత స్నానం చేసి వెళ్తుంటే, నా చేతులతోనే..."

ఉడత ఫోన్ చేస్తే పనుందని కిందికి వెళ్లి, పని లేని కొట్లో కూర్చునేవాడు.

కొత్త గొట్టాల ఫలితం వచ్చింది. ఖాళీవాటిలో ఏమీ లేదు. బురదలో గడ్డి, చిన్న చిన్న పొదలు. పైన్ లేదు. ఆ కొండ ఎప్పుడూ బోడికొండే. ఇంకోసారి చూద్దాం, అప్పటిదాకా ఎవరికీ చెప్పకు అందట మేడం. అప్పటికి మొక్కలు నాటేస్తారు కదండీ అని, అడవుల శాఖకు ఉడతే స్వయంగా రాసేసింది. ఉద్యోగం పొడిగించలేదు.

అది సంచీ పట్టుకుని ఇంటికొచ్చిన రోజున నా కొడుకు కొట్టు గుమ్మంలోనే ఆగిపోయి, చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"అదేంటి నాన్నా, దగ్గరికి రావా?"

"చేతులకి పొట్టుంటుందమ్మా."

"ఉండనీ. ఇంక నన్ను శుభ్రంగా ఉండమనేవాళ్లు లేరు."

నవ్వుతూనే అంది గానీ వాడు నవ్వలేదు. అది లోపలికెళ్లి పైన్ చెక్కల దొంతరమీద, చిన్నప్పటి చోటే కూర్చుంది.

"మిషన్ వెయ్యి నాన్నా."

"ఇప్పుడెందుకమ్మా?"

"వెయ్యి."

వేశాడు. పైన గిన్నెలు గలగలమన్నాయి. నేను మెట్లమీద చీపురు పక్కనపెట్టి, అది మోకాళ్లలో తల దాచుకోవడం చూస్తూ నిలబడ్డాను. రంపం మోతలో ఏడిస్తే ఎవరికీ వినపడదని దానికి చిన్నప్పట్నుంచీ తెలుసు.