మోత ముందు, దెబ్బ తర్వాత

చిట్టి ఎడమ చేత్తో ఏది కొట్టినా మోత ముందు వినబడేది, దెబ్బ తర్వాత పడేది. పెద్ద తేడా ఏం కాదు, రెప్ప వాల్చినంతసేపు. కుడి చేత్తో కొడితే మాత్రం అందరికీ లాగే. ఇంట్లో దీన్ని ఎవరూ పట్టించుకునేవారు కాదు. వాళ్ల తాత మేకు కొట్టినా అంతేనట. చప్పుడు వినగానే వేలు తీసేసుకునేవాడు కాబట్టి ఆయన జన్మలో వేలు చితక్కొట్టుకోలేదని చెప్పుకునేవారు. చిట్టికి ఇబ్బందల్లా దోమలతోనే. ఎడమ చేతికి ఒక్కటీ చిక్కేది కాదు. గ్లాసు బల్ల మీద పెట్టబోతుంటే, అది ఇంకా గాల్లో ఉండగానే వాళ్లమ్మ "నెమ్మదిగా పెట్టవే" అని కసిరేది. చప్పుడు ఎలాగూ అయిపోయింది కదా, ఇక నెమ్మదిగా పెట్టి మాత్రం ఏం లాభం?

ఆ రోజు పొద్దున్నుంచీ చిట్టి కాలు ఒకచోట నిలవలేదు. సాయంత్రం హోటల్ డాన్సు హాల్లో ట్రయల్. అక్కడి బ్యాండులో డ్రమ్స్ వాయించేవాడు వేరే ఊళ్లో పని దొరికి వెళ్లిపోయాడు. ఆ స్టూలు ఖాళీగా ఉంది. చిట్టికి ఊహ తెలిసినప్పటినుంచీ బాబాయి అదే బ్యాండులో బేస్ గిటారు వాయిస్తున్నాడు. చిన్నప్పుడు ఆయన వెంట వెళ్లి, పాట వినకుండా ఆ డ్రమ్స్ వెనక మనిషినే చూస్తూ కూర్చునేది. ఇప్పుడు ఆ చోటు తనకి దొరకొచ్చు అనుకుంటేనే అరికాళ్లు జివ్వుమంటున్నాయి.

ఎలా వాయించాలన్నదే తేలలేదు. పుర్రచేతి వాటం ఉన్నవాళ్లకి ఈ గొడవ ఎప్పుడూ ఉండేదే. నేర్పిన గురువుదీ పుర్రచెయ్యే, అయినా ఆయన జీవితమంతా కుడిచేతివాళ్లలాగే వాయించాడు. ఎక్కడికి వెళ్లినా డ్రమ్స్ వాళ్లకి తగ్గట్టే పేర్చి ఉంటాయి, నీకోసం ఎవడూ తిప్పి పెట్టడు, అలవాటు చేసుకో అనేవాడు. అంటే, ఎడమ పక్కనుండే హ్యాట్‌ని, అదే, మూతల్లా ఒకదాని మీదొకటి ఉండే తాళాల జతని, కుడి చెయ్యి అడ్డంగా చాపి కొట్టాలి. దాని కింద ఎడమ చెయ్యి దూర్చి, ఒళ్లో ఉండే చిన్న డ్రమ్ము కొట్టాలి. సంగీతం సామాన్ల కొట్టాయన మాత్రం అంతా అద్దంలో చూసినట్టు తిప్పి పెట్టుకోమనేవాడు. మనం చెప్పుల జతకి తగ్గట్టు కాళ్లు కోసుకుంటామా అని ఆయన వాదన.

ఇంట్లో చిట్టి రెండూ చేసి చూసింది. దిండ్లు, బిస్కెట్ల డబ్బాలు, ఒక పాత పళ్లెం, ఇవీ ఆమె డ్రమ్స్. పూటకోరకంగా మారుస్తుంటే వాళ్లమ్మ దిండు వెతుక్కోలేక విసిగిపోయేది. చివరికి గురువు మాటే విందామనుకుంది. పోటీకి వెళ్లి పేచీ పెట్టుకోవడం ఎందుకని.

దారి పొడుగునా బాబాయి జాగ్రత్తలు చెబుతూనే ఉన్నాడు. మధ్యమధ్యలో వేళ్లు విదిలించుకుంటున్నాడు. కిందటేడు వచ్చిన జ్వరం తర్వాత ఆయన వేళ్లు కాస్త మందగించాయి. ఏ స్వరం మీటాలో బుర్రకి ఠక్కున తెలుస్తుంది, వేళ్లే వెనకబడతాయి. బ్యాండు నడిపే మాస్టారు ఇంతవరకూ పైకి ఒక్క మాటా అనలేదు. "అదే తగ్గిపోతుందిలే," అంటున్నాడు బాబాయి ఏడాదిగా.

వీళ్లు వెళ్లేసరికి ఇంకో పుర్రచేతివాడు ట్రయల్ ఇస్తున్నాడు. ఇవ్వడం అంటే, ఇంకా మరలు విప్పుతూనే ఉన్నాడు. అతనిది కొట్టాయన పద్ధతి. హ్యాట్‌ని కుడి పక్కకి మార్చాడు, డ్రమ్ములన్నీ అటువి ఇటు చేశాడు. మాస్టారు వాచీ చూసుకుంటుంటే చెమటలు కక్కుతూ కూర్చుని కర్రలెత్తాడు. తీరా చూస్తే కాలితో తొక్కే పెద్ద డ్రమ్ముని జరపడం మరిచిపోయాడు. హ్యాట్ పెడలూ, పెద్ద డ్రమ్ము పెడలూ రెండూ కుడి కాలి దగ్గరే ఉన్నాయి. ఎడమ కాలు పాపం బిగించి వట్టి నేలనే తొక్కింది. పాట పాడే ఆవిడ మైకు పక్కకి తిప్పుకుని నవ్వింది.

మాస్టారికి మాత్రం నవ్వు రాలేదు. "ఎక్కడివి అక్కడ పెట్టించండి. ఇక ఎవరూ మర ముట్టుకోవద్దు," అన్నాడు.

సామాను సర్దుతుండగా చిట్టి గోడవార కుర్చీల వైపు నడిచింది. అక్కడొకాయన కూర్చుని గిటారు తుడుచుకుంటున్నాడు. ఇస్త్రీ చొక్కా, పొందికైన మనిషి. గిటారుకి నాలుగే తీగలు, లావుపాటివి. బాబాయిదీ అలాంటిదే. ఒక బ్యాండుకి రెండు బేస్ గిటార్లు ఎందుకు? మాస్టారు ఇవాళ చూడబోయేది తనని ఒక్కదాన్నే కాదు. బాబాయి చోటుకీ మనిషిని తెచ్చి కూర్చోబెట్టాడు. స్టేజీ మీద బాబాయి తీగలు సవరించుకుంటూ, ఏమీ తెలియక, ఇటు చూసి చెయ్యి ఊపాడు.

పిలుపొచ్చింది. చిట్టి స్టూలు మీద కూర్చుంది. గురువు చెప్పినట్టే చేతులు అడ్డంగా మెలివేసి మొదలుపెట్టింది. కుడి చెయ్యి హ్యాట్ మీద బుద్ధిగా నడిచింది. ఎడమ చేతి దెబ్బ చిన్న డ్రమ్ము మీద పడకముందే అది మోగింది. ప్రతిసారీ అంతే. చెయ్యి ఎంత బిగబట్టినా మోత తన దారిన తాను ముందు పోయింది. పాట కాలు తట్టుకున్నట్టు ముందుకు తూలింది. పాడే ఆవిడ మాటలు మింగింది. బాబాయి ఆ మోతని అందుకోబోయి మరీ వెనకబడ్డాడు. ముందు ఆమె, వెనక ఆయన, మధ్యలో పాట నలిగిపోయింది. మాస్టారు గోడవార కుర్చీ వైపు చూడటం చిట్టి కంట పడింది.

"ఆపండి," అన్నాడాయన. "ఎడమ చెయ్యి తొందర పడుతోందమ్మాయ్."

"అది పుట్టినప్పటినుంచీ అంతే మాస్టారూ. మోత ముందొస్తుంది," అంది చిట్టి.

మాస్టారు తలూపాడు. కొందరికి చెమట ఎక్కువ పడుతుందని విన్నప్పుడు ఊపినట్టు. "మరి దానికి తగ్గ పని ఇవ్వాలి కదా. ఇంకో పాట చూద్దాం, ఇదే ఆఖరు," అన్నాడు.

తగ్గ పని. చిట్టి తన చేతుల్ని చూసుకుంది. హ్యాట్ ఎడమ పక్కనే ఉంది, మోచేతికి దగ్గర్లో. పక్కనే ఉన్నదాన్ని అందుకోడానికి ఇన్నేళ్లూ చేతులు ఎందుకు మెలేసుకున్నట్టు? మర ముట్టుకోనక్కర్లేదు, ఏదీ తిప్పి పెట్టనక్కర్లేదు. ఎడమ చెయ్యి నేరుగా హ్యాట్ మీదికి వెళ్లింది, కుడి చెయ్యి చిన్న డ్రమ్ము మీదికి దిగింది. అటు గురువు పద్ధతీ కాదు, ఇటు కొట్టాయన పద్ధతీ కాదు. భుజాలు రెండూ విడివడ్డాయి, ఊపిరి నిండుగా ఆడింది.

మాస్టారు చిటికెలేసి లెక్కపెట్టాడు. పాట హుషారైనది.

చిక్ చిక్ చిక్ చిక్. హ్యాట్ మోత ముందు పరిగెత్తింది. దాని వెనకే కర్ర దిగింది. కుడి చేతి దెబ్బా, కాలి దెబ్బా పడాల్సిన క్షణంలో పడ్డాయి. మొదటి వరస దాటేలోపే చిట్టి ఒంటి మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి, ఎందుకంటే బాబాయి గిటారు సరిగ్గా తన కాలి దెబ్బతో కలిసి మోగింది. ఇంకోసారి కలిసింది. మళ్లీ కలిసింది. హ్యాట్ వినగానే ఆయన వేళ్లు బయలుదేరుతున్నాయి, రెప్పపాటు ఆలస్యంగా తీగని చేరుతున్నాయి, ఆ చేరేది సరిగ్గా అందరూ చేరాల్సిన చోటికే. బాబాయి తలెత్తి చూశాడు. ఏడాదిగా ఆ మొహంలో లేని వెలుగు చూసి చిట్టికి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. పట్టలేని ఆనందంతో ఇంకా గట్టిగా వాయించింది.

పాడే ఆవిడ మైకు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిరుగుతూ పాడింది. వంటింట్లోంచి ఇద్దరు చేతులు తుడుచుకుంటూ వచ్చి తలుపు దగ్గర నిలబడి పాదాలు ఆడించారు. పాట అయిపోవాల్సిన చోట మాస్టారు ఆపలేదు. గాల్లో వేలు తిప్పి, ఇంకోసారి అన్నాడు. ఆ తర్వాత మళ్లీ ఒకసారి.

"రేపు కాస్త ముందే రా. నల్ల చొక్కా వేసుకోవాలి," అన్నాడు మాస్టారు.

చిట్టి తలూపింది. ఆమె కళ్లు మాస్టారినే వెంబడించాయి. ఆయన స్టేజీ దిగి గోడవారకి వెళ్లాడు. ఆ ఇస్త్రీ చొక్కా వేసుకున్న మనిషితో ఏదో మెల్లగా చెప్పి, భుజం తట్టి, తలుపుదాకా దిగబెట్టాడు. ఆ మనిషి గిటారు పెట్టె పట్టుకుని, వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు.

బాబాయి మెడలోంచి పట్టీ తీస్తూ అటే చూశాడు. "ఎవరే ఆయన? ఇందాకట్నుంచీ కూర్చునే ఉన్నాడు."

"ఎవరో బాబాయ్. పాట విందామని వచ్చుంటాడు."

"అలాగా," అన్నాడు బాబాయి సంబరంగా. "అయితే అదృష్టవంతుడే. ఇవాళ నా వేళ్లు ఎంత బాగా పలికాయో విన్నాడు."