పెండనీళ్ల బావి

మా కొట్టంలో ఎనిమిది బర్రెలుండేవి. కొట్టం కడిగిన నీళ్లు పెండతో కలిసి వాడకట్టు మోరిలో పడి చెరువులోకి పోయేవి. ఆ ఎండాకాలం పంచాయతీలో తీర్మానం చేశారు. కొట్టం నీళ్లు చెరువులో కలిస్తే బర్రెలను ఊరి బయటికి మార్చాలి.

"ఊరి బయట కావలి ఎవరుంటరు?" అని అమ్మ దిగులుపడింది.

బాపు ఆలోచించి, కొట్టం వెనకున్న మా బావిలోకి కాలువ తవ్వాడు. తాత తవ్వించిన బావి అది. కరువు మొదలైన ఏడాదే ఎండిపోయింది. అడుగున రాళ్లు, పిచ్చిమొక్కలు తప్ప ఏమీ లేవు.

సర్పంచు సారయ్య వచ్చి చూశాడు. "చెరువుల పెండనీళ్ల సుక్క పడ్తలేదు. తెలివంటే గిట్లుండాలె. రాంచందర్‌ను జూసి నేర్చుకోన్రి," అని నలుగురి ముందు బాపును మెచ్చుకున్నాడు. ఆ సాయంత్రం పాలకు వచ్చినవాళ్లందరినీ బాపు కొట్టం వెనక్కి తీసుకుపోయి కాలువ చూపించాడు.

శ్రావణంలో వానలు ఆగకుండా పడ్డాయి. ఒక పొద్దున బాపు బావి దగ్గర నిలబడి, "నీళ్లొచ్చినయ్! బాయిల ఊట పడ్డది!" అని కేకేశాడు. ఎన్నో ఏళ్లుగా దానికోసమే ఎదురుచూసిన మనిషి. నేను, అమ్మ పరుగెత్తి వెళ్లి వంగి చూశాం. నల్లటి నీళ్లు. మీద నురగ. అమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

మా గోడకు అవతలే వాడకట్టంతా తాగేనీళ్లు కొట్టుకునే బోరింగు ఉంది. దాని నీళ్లు వాసన వస్తున్నాయని అప్పటికే ఆడవాళ్లు అనుకుంటున్నారు. పక్కింటి నర్సమ్మ మనవరాలికి వాంతులు, విరేచనాలు పట్టుకుంటే సిద్దిపేట దవాఖానలో వేశారు. ఆ వారమే నీళ్లు పరీక్ష చేసే సారు ఒకాయన వచ్చి బోరింగు నీళ్లు సీసాలో పట్టుకుపోయాడు. మళ్లీ వచ్చినప్పుడు మా బావిలోకి తొంగిచూశాడు.

"భూమి లోపల బాయి నీళ్లు, బోరింగు నీళ్లు ఒక్కటేనయ్యా. గిండ్ల పోస్తే మీరు తాగేదాంట్ల పోసినట్టే."

"ఎండిన బాయి గద సార్. సచ్చిపోయిందనుకున్న," అన్నాడు బాపు.

ఎవరూ కొట్టకుండా బోరింగు హ్యాండిలు ఊడదీశారు. బాపు ఎవరూ చెప్పకముందే బర్రెలను పొలానికి తోలాడు. మోటరు పెట్టి నల్లనీళ్లన్నీ చేనుకు తోడించాడు. తోడిన తర్వాత ఊరిన నీళ్లకూ అదే వాసన.

ఇప్పుడు బాపు రోజూ పాలక్యాన్లు సైకిలుకు కట్టి, పొలం బోరు నుంచి నీళ్లు తెచ్చి ఇంటింటికీ పోస్తున్నాడు. నిన్న నర్సమ్మ బిందె ముందుపెట్టి, "పాలల్ల నీళ్లు కలుపుతడని నిన్ను తిడ్తుంటిమి రాంచందరా. ఇప్పుడు ఉత్త నీళ్లే పోయవడ్తివి," అంది.

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. బాపు కూడా నవ్వబోయాడు.

"పిల్ల ఎట్లున్నదవ్వా?"

"తిరుగుతున్నది. గిలాసల నీళ్లిస్తే మాత్రం ముందుగాల వాసన జూస్తున్నది."

బాపు తల వంచుకుని బిందె నింపి, సైకిలు పక్కింటికి నడిపించాడు. నేను బిందె ఎత్తి నర్సమ్మ సంకన పెట్టాను. ఆమెతో ఏదో ఒకటి అనాలనిపించింది. సైకిలు వెనక పట్టుకుని బాపు వెంట నడిచాను.