రంగు మాత్రం నువ్వే చెప్పు

"మిగతావన్నీ మేం చూసుకుంటాం గానీ, రంగు మాత్రం నువ్వే చెప్పు," అన్నారు ఆయన, నేను ఆయన చొక్కా కాలరు ఇస్త్రీ చేస్తుండగా.

ఆ గొంతులో ఎంత ఉదారత! నాకేదో రాసిచ్చేస్తున్నట్టే ఉంది. మంచం మీద నాలుగు రకాల కార్ల బొమ్మలున్న కాగితాలు పరిచారు. మా ఇంట్లో కారన్నది లేక ఆరేళ్ళయింది. ఈ ఆరేళ్ళలో ఎవరైనా కదిపితే చాలు, ఏదో ఒక సాకు సిద్ధంగా ఉండేది. రోడ్డు తవ్వేశారు, పని అయిపోనీ అన్నారొకసారి. కొత్త మోడల్ వస్తోందిట, తొందరెందుకు అన్నారు మరోసారి. ఇప్పుడు అత్తయ్య మోకాళ్ళు బస్సు మెట్లు ఎక్కనివ్వడం లేదు. అందుకని అన్నదమ్ములిద్దరూ కూర్చుని ముహూర్తాలతో పని లేకుండా, ఈ నెలాఖరుకి అనేసుకున్నారు.

"ఎవరు నడుపుతారు?" అన్నాను.

"తమ్ముడున్నాడుగా. మెల్లిగా నేనూ నేర్చుకుంటా. నీకెందుకా బాధ, మహారాణిలా వెనక కూర్చో."

చొక్కా తిరగేసి రెండో చెయ్యి ఇస్త్రీ చేశాను. మా నాన్న డ్రైవింగ్ నేర్పి బతికినవాడు. నాకు పద్దెనిమిది నిండిన నెలలోనే లైసెన్సు చేతికొచ్చింది. ఆ తర్వాత నాలుగేళ్ళు, నేర్చుకోవడానికి వచ్చిన ఆడవాళ్ళందరి పక్కనా కూర్చున్నది నేనే. "క్లచ్చి మీద నీ కోపం చూపించకు" అని నాన్న నాకు చెప్పినట్టే వాళ్ళకీ చెప్పేదాన్ని. పెళ్ళయిన కొత్తలో ఈ సంగతి చెబితే ఆయన ముచ్చటపడ్డారు కూడా. "భలేదానివే! కానీ మనింట్లో మగాళ్ళున్నాం కదా," అన్నారు. ఆ 'కానీ' తర్వాత నా లైసెన్సు బీరువాలో బట్టల కిందకి వెళ్ళిపోయింది. కాలం తీరినప్పుడు ఎవరికీ చెప్పకుండా వెళ్ళి పొడిగించుకుని వచ్చి మళ్ళీ అక్కడే పెట్టాను. ఎందుకలా చేశానో నాకే తెలియదు.

వెనక కూర్చో అన్నారే, ఆ వెనక సీటు నాకు ఖాళీగా కనపడదు. అందులో ఒకావిడ ఎప్పటినుంచో కూర్చుని ఉంది.

నా తోటికోడలు. నాకంటే తొమ్మిదేళ్ళు చిన్నది. ఇంట్లో అందరూ 'చిన్నది' అనే పిలిచేవాళ్ళం. నవ్వితే చిగుళ్ళు కనపడేవి, అందుకని చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వేది. ఆరేళ్ళ క్రితం ఒక బుధవారం పొద్దున్న పదకొండింటికి, బట్టలు ఆరేస్తూ ఆరేస్తూ పొట్ట పట్టుకుని కూలబడిపోయింది. ఇంట్లో నేనూ, అత్తయ్యా, నాలుగేళ్ళ దాని కూతురూ. నాకది వారపు సెలవు. చిన్నదాన్ని ముందు గదిలో సోఫా మీద పడుకోబెట్టాను. పెదాలు సున్నం కొట్టినట్టు తెల్లబడిపోతున్నాయి. అంబులెన్సుకి ఫోన్ చేస్తే బండి ఇంకో కేసు మీద వెళ్ళింది, రాగానే పంపుతామన్నారు. ఊరి చివర కొత్తగా లేచిన కాలనీ మాది. ఆ వేళప్పుడు వీధిలో చీమ కూడా కనపడదు.

వాకిట్లో మాత్రం కారుంది. మరిదికి అప్పట్లో ఆఫీసువాళ్ళిచ్చిన కారు. అతను రైల్లో వేరే ఊరు వెళ్ళాడు. తాళం ఫ్రిజ్ మీద గిన్నెలో ఉంది. తాళం చేతిలోకి తీసుకునే ఆయనకి ఫోన్ చేశాను.

"ఆగు, ఆగు. తమ్ముణ్ణి అడిగి చెప్తా," అన్నారు. రెండు నిమిషాల్లో మళ్ళీ చేశారు. "వాడు వద్దంటున్నాడు. ఆఫీసు బండి, చిన్న గీత పడ్డా ఉద్యోగానికే ఎసరు. నేను ఫ్రెండు కార్లో బయల్దేరా. కంగారు పడకు."

అత్తయ్య గుమ్మంలో నిలబడి, "మగాళ్ళు వస్తున్నారుగా, కాస్త ఓపిక పట్టండి," అంది. మనవరాల్ని దగ్గరికి లాక్కుని పట్టుకుంది, పాపం.

అప్పుడు చిన్నది కళ్ళు తెరిచి నా చేతిలో తాళం వంక చూసింది. "అక్కా, నీకు వచ్చుగా?" అంది.

బతిమాలినట్టు అనలేదు. నిందించినట్టు అసలే అనలేదు. సీసా మూత బిగుసుకుపోతే 'నీకు వచ్చుగా, తియ్యి' అన్నట్టు మామూలుగా అడిగింది. నేను దాని నుదురు తుడిచి, "వచ్చేస్తున్నారమ్మా, ఐదు నిమిషాలు," అన్నాను. తర్వాత మళ్ళీ ఐదు నిమిషాలు అన్నాను. అలా ఎన్నిసార్లన్నానో. ఆయన వచ్చేసరికి యాభై నిమిషాలయింది. ఆస్పత్రిలో డాక్టరమ్మ, కడుపు గర్భసంచిలో కాకుండా గొట్టంలో నిలిచి పగిలిపోయిందనీ, రక్తమంతా లోపలే పోయిందనీ చెప్పింది. "ఒక్క అరగంట ముందు..." అని మొదలుపెట్టి, నా ముఖం చూసి ఆపేసింది.

ఆ తర్వాత అందరూ రాత అన్నారు. తాళం సంగతి ఎవరూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. కానీ చిన్నది అన్న ఆ మాట మాత్రం నన్ను వదల్లేదు. నేను కళ్ళజోళ్ళ దుకాణంలో వెనక గదిలో అద్దాలు అరగదీసి ఫ్రేములకి బిగిస్తాను. పవరు సరిచూసేది కూడా నేనే. అయినా కౌంటరు దగ్గరకొస్తే 'సార్ లేరా' అనే అడుగుతారు. రాయి మీద అద్దం గరగరలాడుతున్నప్పుడు, ఆ చప్పుడు మధ్యలోంచి, "అక్కా, నీకు వచ్చుగా?" అని వినపడుతుంది. బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే, అద్దంలో నా ముఖం వెనక చెయ్యి అడ్డం పెట్టుకున్న ముఖం ఒకటి కనపడినట్టు ఉంటుంది. ఇంట్లో ఆ సోఫా మార్చమని రెండుసార్లన్నాను. "నిక్షేపంలా ఉంటే ఎందుకు మార్చడం?" అన్నారు ఆయన. చిన్నది తల ఆనించిన ఎడమ చివర నేను కూర్చోను. దులిపేటప్పుడు కూడా చెయ్యి చాపి దులుపుతాను.

చిన్నదాని కూతురు నా దగ్గరే పెరిగింది. పొద్దస్తమానం కిచకిచలాడుతూ ఉంటుందని 'పిచ్చుక' అంటాం. మరిది మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. ఈ ఆరేళ్ళూ అతనికి వడ్డించాను, బట్టలు ఉతికాను, జ్వరమొస్తే జావ కాచిచ్చాను. ప్రతి ముద్దకీ మనసులో ఒకటే అనుకునేదాన్ని: కారు మీద గీత పడుతుందని పెళ్ళాన్ని పోగొట్టుకున్నవాడివి నువ్వు. అతను నా ముఖం వంక సూటిగా చూసేవాడు కాదు. తిన్న కంచం తనే తీసుకెళ్ళి కడిగేసుకునేవాడు. తప్పు చేసినవాడు తల దించుకోక ఏం చేస్తాడని అనుకున్నాను.

రంగు చెప్పమన్న ఆ వారంలోనే, ఆదివారం మధ్యాహ్నం అందరం భోజనాల బల్ల దగ్గరున్నాం. ఆయన కార్ల కాగితాలు కంచాల మధ్య పరిచారు. సీటు ఎత్తుగా ఉండాలని అత్తయ్య, వెనక సామాను చోటు పెద్దదుండాలని ఆయన. తెలుపు తొందరగా మాసిపోతుందా, నలుపు తొందరగా వేడెక్కుతుందా అని పావుగంట వాదన. మధ్యలో నన్ను చూసి, "ఏం, ఇంకా రంగు తేల్చలేదా?" అన్నారు.

"నాన్న ఊరెళ్తే ఎవరు నడుపుతారు?" అంది పిచ్చుక.

"అప్పుడు ఆటోలో వెళ్తాం," అన్నారు ఆయన.

"ఎందుకూ? పెద్దమ్మకి వచ్చుగా! బీరువాలో లైసెన్సు చూశా నేను."

నా చేతిలో గరిటె ఆగిపోయింది. అదే మాట. అదే గొంతు, కాస్త సన్నగా. తలెత్తి చూస్తే మరిది కంచంలోకే చూస్తున్నాడు.

"వచ్చి ఏం లాభంలే," అన్నాడు మెల్లిగా. "ఆ రోజు తీసుకెళ్ళమంటే చేతులు వణికిపోతున్నాయన్నారుగా."

"ఎవరు తీసుకెళ్ళమన్నారు?" అన్నాను.

"నేనే." ఆరేళ్ళ తర్వాత మొదటిసారి నా కళ్ళలోకి చూశాడు. "తాళం ఫ్రిజ్ మీదుంది, వదినని వెంటనే తీసుకెళ్ళమను, బండి ఏమైపోయినా ఫర్వాలేదు అని అన్నయ్యకి ఫోన్లో చెప్పా. మీరు భయపడ్డారని చెప్పాడు."

ఆయన కాగితాలన్నీ ఒకదానిమీద ఒకటి పేర్చడం మొదలుపెట్టారు. అంచులు సరిగ్గా కలిసేలా బల్ల మీద తట్టారు. "ఇప్పుడవన్నీ ఎందుకురా, అన్నం ముందు," అన్నారు.

"నా చేతులు వణకలేదు," అన్నాను మరిదితో. "తాళం నా చేతిలోనే ఉంది. నువ్వే వద్దన్నావని చెప్పారు."

అత్తయ్య పిచ్చుకని లేవదీసుకుని పెరట్లోకి వెళ్ళిపోయింది. మరిది లేచాడు. కంచం అక్కడే వదిలేసి వెళ్ళాడు.

సాయంత్రం ఆయన నా వెనకే వంటింట్లోకి వచ్చారు. "నేనేమన్నా కావాలని చేశానా చెప్పు? నువ్వు స్టీరింగ్ పట్టుకుని ఎన్నేళ్ళయింది అప్పటికి? వాడు బాధలో ఏదో అనేశాడు. నువ్వెక్కడో గుద్దేస్తే ఇద్దరూ పోయేవాళ్ళు. నేను వద్దంటే నువ్వు వినవు, వాడి మాటైతే వింటావని అలా చెప్పా. అయినా ఆ ట్రాఫిక్‌లో నీకు ముప్పావుగంట పట్టేది. ఎప్పుడు తీసుకెళ్ళినా అంతే."

ముప్పావుగంట. అంత కచ్చితంగా ఎలా చెప్పగలిగారు? ఈ ఆరేళ్ళూ తనకి తను చెప్పుకుంటూ వచ్చిన లెక్క అయి ఉంటుంది. గిన్నెలు తోమి బోర్లించాను. కారు నా పేరున నేనే కొనాలని నాకు ఆ మాటతో తేలిపోయింది.

మర్నాడు మరిది మా దుకాణానికి వచ్చాడు. ఎన్నడూ రానివాడు. కౌంటరుకి అటువైపు నిలబడి, ఫ్రేములు పెట్టిన అద్దాల బీరువాని చూస్తూ, "పిరికితనం వల్ల దాన్ని చంపేశారనుకున్నా వదినా, ఇన్నాళ్ళూ," అన్నాడు. "నేనూ నీ గురించి అలాగే అనుకున్నా," అన్నాను. అతను జేబురుమాలుతో కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయాడు. అతను వెళ్ళాక నాకు గుండె తేలికపడుతుందనుకున్నాను. పడలేదు. ఎవరు వద్దన్నా, తాళం ఉన్నది నా గుప్పిట్లో. అడగకుండా తీసి ఉండొచ్చు. నా ఆ తప్పుని ఎవరి అబద్ధమూ చెరిపెయ్యలేదు.

మా దుకాణానికి పాతికేళ్ళుగా వచ్చే లెక్కల టీచరు ఒకావిడ ఉంది. ఆవిడ కళ్ళజోళ్ళన్నీ నా చేతిమీదుగానే వెళ్ళాయి. చూపు తగ్గి ఇక బండి నడపొద్దని డాక్టరు చెప్పారట, ఆ చిన్న కారు అమ్మేద్దామనుకుంటున్నానంది. "నేను తీసుకుంటానండీ," అన్నాను.

"మీ ఆయన్ని తీసుకొచ్చి చూపించుకుంటావా?"

"నడిపేది నేనేనండీ."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసి నవ్వింది. "నా కళ్ళ సంగతి నీకు తెలుసు, నా బండి సంగతి నాకు తెలుసు. తీసుకో," అంది. జీతంలో దాచుకున్నదంతా ఇచ్చాను. కాగితాలు నా పేరున మారడానికి రెండు వారాలు పట్టింది. ఆ రెండు వారాలూ, పనికి ముందు, ఆవిడ పక్కన కూర్చుంటే నడిపాను. మొదటిరోజు రెండుసార్లు ఆగిపోయింది. మూడోరోజుకి కాళ్ళకి అన్నీ గుర్తొచ్చాయి. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఆయన ఇంకా తెలుపా నలుపా అనే దగ్గరే ఉన్నారు.

ఆ తర్వాతి బుధవారం, నా వారపు సెలవు. పదకొండింటికి కారు మా ఇంటి గేటు ముందు నిలిపి, వాచీ చూసుకుని బయల్దేరాను. తొందరపడలేదు. తొందరపడితే అది న్యాయం కాదు. కూడలి దగ్గర ఎర్రలైటు పడితే ఆగాను. ఇంకో చోట లారీ నుంచి ఇటుకలు దించుతుంటే, దింపి దారిచ్చేదాకా కూర్చున్నాను. ముందు అద్దంలో వెనక సీటు ఖాళీగానే కనపడుతోంది. నేనే మాటిమాటికీ చూస్తున్నాను. ఒకచోట నోరు తెరిచి, "వచ్చేశాం చిన్నదానా," అన్నాను కూడా. అదే ఆస్పత్రి గేటు లోపల, రోగుల్ని దించే చోట ఆపి మళ్ళీ వాచీ చూశాను. కాపలా మనిషి వచ్చి, "మేడమ్, పేషెంటు ఎక్కడ?" అన్నాడు. అతను ఇంకోసారి అడిగాక బండి వెనక్కి తిప్పాను.

సాయంత్రం ఆయన ఆఫీసు నుంచి వచ్చేసరికి కారు వాకిట్లో ఉంది. దాని చుట్టూ ఒకసారి తిరిగి, లోపలికొచ్చి, "ఎవరిదిది?" అన్నారు.

"నాది."

"నీదా? నాతో ఒక్క మాటైనా..." కుర్చీలో కూర్చున్నారు. టీ గ్లాసు చేతికిచ్చాను. ఒక గుక్క తాగి, కోపాన్ని మింగి, మామూలు గొంతు తెచ్చుకుని, "సర్లే, కొన్నావు కదా. బాగానే నడుస్తోందా?" అన్నారు.

"పన్నెండు నిమిషాలు," అన్నాను.

ఏది పన్నెండు నిమిషాలని ఆయన అడగలేదు.