శుక్రవారం రిజిస్ట్రేషన్

విత్తనం బుడ్డలు, అదే వేరుశనక్కాయలు, వలిచే పని ఉందే, చూసేవాళ్ళకు అది పనిలాగే కనిపించదు. చాటలో కాయలు పోసుకుని, కాళ్ళు చాపుకుని, ముచ్చట్లు చెప్పుకుంటూ కూర్చున్నట్టే ఉంటుంది. గింజ మీది పొర చిట్లితే మాత్రం ఆ గింజ మొలవదు. అందుకని ఒక్కో కాయనూ బొటనవేలితో నొక్కి మెల్లగా విప్పాలి. పొద్దు వాలేసరికి వేలి కొన వాచిపోయి, అన్నంలో చారు కలుపుకోబోతే చుర్రుమంటుంది. అనంతపురం పాతూరులో నాగేశ్వరయ్యది బుడ్డల మండీ. వానల ముందు ఆ ఇంట్లో ఏటా ఇదే పని. బయటినుంచి వచ్చిన ఆడవాళ్ళు వలిచింది కొలిచి కూలి ఇచ్చేవాళ్ళు. ఇంటి కోడలు, నాగేశ్వరయ్య భార్య సుమిత్ర వాళ్ళకంటే ముందే కూర్చుని, మధ్యలో లేచి వంట చేసి, పాపకు పాలిచ్చి, మళ్ళీ వచ్చి వలిచినా దాన్ని కొలిచే శేరు ఆ ఇంట్లో లేదు.

"ఎమ్మే చదివే చేతులు కదమ్మా, బుడ్డలు ఎట్ల లొంగుతాయి!" అని అత్త సుబ్బలక్ష్మమ్మ కూలివాళ్ళ ముందే అనేది. వాళ్ళు నవ్వేవాళ్ళు. నవ్వకపోతే రేపు పిలుపు రాదు మరి.

ఆ సాయంత్రం కూడా ఆ మాటే అని ఆమె నోరు మూసిందో లేదో, నాగేశ్వరయ్య మండీ నుంచి వచ్చి, చెప్పులు విడుస్తూ భార్య వైపు చూడకుండానే అన్నాడు:

"మే, శుక్రవారం రిజిస్ట్రేషన్ ఉండాది. పొద్దున్నే తయారై ఉండు. నువ్వు రాకుంటే పని కాదు. నేనూ వస్తా."

సుమిత్ర చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది.

ఆమెకు అంత ఆశ్చర్యం ఎందుకో చెప్పాలంటే కాస్త వెనక్కి పోవాలి. సుమిత్ర నల్లమాడలో బడిపంతులు కూతురు. బీయే పాసయ్యాక పెళ్ళయింది. అనంతపురంలో ఎమ్మే క్లాసులు పెట్టారని తెలిసి, మామగారు ఇంకా బతికుండగా, ఆయనే దగ్గరుండి చరిత్రలో చేర్పించాడు. "మా కోడలు ఎమ్మే" అని బజారులో చెప్పుకోవడం ఆయనకు సరదా. ఆ సరదా నీడలో ఒక ఏడాది గడిచింది. తెల్లవారకముందే నీళ్ళు చేది, వంట చేసి, పన్నెండు మూరల చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని ఆమె కాలేజీకి పరుగెత్తేది. మొదటి ఏడాది పరీక్షల్లో క్లాసులో మొదట వచ్చింది. ఆ వేసవిలో మామగారు పోయాడు, ఆమె కడుపుతో ఉంది. ఇక చదువు మాట ఎత్తితే "చదువుకో, ఎవురు వద్దన్నారు? పని అయిపోయినాక చదువుకో" అనేవాడు నాగేశ్వరయ్య. మంచి మాటే కదా! అయిపోయే పని ఏదో ఆ ఇంట్లో ఆమెకు ఎప్పుడూ కనిపించలేదు. ఒకరోజు రెండుమార్లు అడిగినందుకు చెంప మీద కొట్టాడు. తర్వాత బయటికి పోయి మల్లెపూలు తెచ్చి గూట్లో పెట్టాడు. ఆ పూలు పెట్టుకోలేదని అత్త వారం రోజులు సాధించింది.

ఇట్లా ఉండగా, తనతో చదివి, తనలాగే మధ్యలో మానిన నూర్జాన్ ఒకనాడు బుడ్డలు కొనే నెపంతో ఇంటికి వచ్చి, చాట పక్కన కూర్చుని గుసగుసగా చెప్పింది.

"సుమిత్రా, నీ పేరు ఇంకా కొట్టేయలేదు. మధ్యలో మానినోళ్ళ పేరు ఒక ఏడు ఉంచుతారంట. ఈ జూలై రెండో శుక్రవారం ఆఖరు. మధ్యాహ్నం రెండు గంటలకు కిటికీ మూసేస్తారు. ఆలోగా నువ్వే పోయి మళ్ళా రిజిస్ట్రేషన్ చేసుకోవాల. పెండ్లయిన ఆడోళ్ళకు మొగుడు కూడా వచ్చి వాళ్ళ ముందరే సంతకం పెట్టాల."

"పోకుంటే?"

"పోకుంటే చదివిన ఏడు కూడా లెక్కలోకి రాదు. చదవనట్టే. మా నాయనను కూడా రమ్మంటారంట, నాకు పెండ్లి కాలేదు కాబట్టి. ఇరవై మూడేండ్లు నాకు! ఏనుగు అంత ఉండా, ఇంకా నన్ను తోలుకుపోవల్లంట."

ఆ ఏడాది సుమిత్ర బతుకులో తనదనుకున్న ఒకే ఒక ఏడాది. అదే రాత్రి భోజనాల దగ్గర భర్తకు చెప్పింది. ఆయన పప్పులో ఉప్పు తక్కువైందన్నాడు. మళ్ళీ చెప్పింది. "ఊ" అన్నాడు. ఆ "ఊ"ను పట్టుకుని ఆమె రెండు వారాలు వేలాడింది.

ఇప్పుడు ఆయనే, నోరు తెరిచి, శుక్రవారం రిజిస్ట్రేషన్ అన్నాడు! నేనూ వస్తానన్నాడు!

ఇంకా విచిత్రం, శుక్రవారం పూట కోడలు గడప దాటితే లక్ష్మి దాటిపోయినట్టే అనే సుబ్బలక్ష్మమ్మ కూడా "పోయిరానీలే, పని పెద్దది. పాపను నేను చూసుకుంటా" అంది. సుమిత్ర చెవులను తానే నమ్మలేదు. ఈ మనుషులను నేనే తప్పుగా అనుకున్నానా అని రాత్రంతా తనను తానే తిట్టుకుంది. మరుసటి రోజు నుంచి ఆమె చేసిన చాకిరీ చూడాలి! అడగకుండానే అత్త మోకాళ్ళకు ఆముదం పట్టించింది. మండీ లెక్కలు రాసి పెట్టింది. కూలివాళ్ళు పోయాక కూడా దీపం పెట్టుకుని బుడ్డలు వలిచింది. భర్త చొక్కాలన్నీ ఉతికి, గంజి పెట్టి, మడతపెట్టింది. తనది తనకు ఇవ్వబోతున్నందుకు ఇంత కృతజ్ఞత ఏమిటని ఆమెకు తోచలేదు. ఎండిన నేల మీద నాలుగు చినుకులు పడితే నేల లెక్క అడుగుతుందా? తాగేస్తుంది, అంతే.

శుక్రవారం పొద్దున అత్త పట్టుచీర తీసి ఇచ్చింది. "నలుగురు పెద్దమనుషులు ఉంటారు, గలీజుగా పోతే మన మర్యాద ఏం కావల్ల? పదిన్నరకు రాహుకాలం పడతాది, ఆ లోపలే కానిచ్చుకొని రాండి." కాలేజీకి పట్టుచీర ఏమిటో అనుకుంటూనే కట్టుకుంది. పాపను ముద్దు పెట్టుకుని జట్కా ఎక్కింది. బళ్ళారి రోడ్డు మలుపు వచ్చింది. అక్కడ ఎడమకు తిరగాలి కాలేజీకి. జట్కా కుడికి తిరిగింది.

"ఇట్ల యాడికి పోతాండాము?" అంది.

"ఇంకెక్కడికి? రిజిస్ట్రారు ఆఫీసుకు. చెప్పినా కదా, రిజిస్ట్రేషన్ అని."

"కాలేజీ ఆ పక్క కదా..."

"కాలేజీ ఏంది?" అన్నాడు నాగేశ్వరయ్య. నిజంగానే అన్నాడు. ఆయన ముఖంలో మోసం లేదు, దొంగతనం లేదు. ఎండకు ముడుచుకున్న కళ్ళతో, ఏం మాట్లాడుతాందిది అన్నట్టు చూశాడు. "రైలుకట్ట పక్క గోడౌను నబీ సాబ్‌కు అమ్ముతాండాము. అది నీ పేరు మీద ఉండాది కదా, నువ్వొచ్చి సంతకం పెడితేనే అయ్యేది."

మోసం చేసి ఉంటే సుమిత్రకు కోపం వచ్చేది. మరిచిపోయినా సరిపెట్టుకునేది. కానీ మరవాలంటే ముందు ఒకసారి మనసులో పెట్టుకుని ఉండాలి కదా. ఆమె చెప్పిన రిజిస్ట్రేషన్ ఆయన చెవిలో పడనే లేదు. ఆ ఇంట్లో ఆ మాటకు ఒకటే అర్థం: ఇల్లో, స్థలమో చేతులు మారడం. పెళ్ళయిన కొత్తలో ఇట్లాగే ఒకరోజు తీసుకొచ్చి, ఈడ పెట్టు, ఈడ పెట్టు అని చూపించిన చోటల్లా సంతకాలు పెట్టించుకున్నారు. పన్నుల వాళ్ళ బాధ తప్పించుకోవడానికి గోడౌను కోడలి పేరు మీద కొన్నామని మామగారు తర్వాత చెప్పాడు. చుట్టాలంతా ఎంత అదృష్టమో అన్నారు. ఆ గోడౌను తాళంచెవి పొడుగ్గా ఉంటుందో పొట్టిగా ఉంటుందో ఆమె ఈ రోజుకీ చూడలేదు.

జట్కా ఆగింది.

ఆఫీసు ముందర నబీ సాబ్ వసారాలో నిలబడి ఉన్నాడు. తోళ్ళ వ్యాపారి, పెద్దమనిషి, తెల్లగడ్డం. "రాండప్పా, రాండి. ఏమమ్మా, బాగుండావా?" అన్నాడు. అందరూ లోపలికి పోయారు. రిజిస్ట్రారు కళ్ళద్దాలు సరిచేసుకుని దస్తావేజు చదివి వినిపించాడు. అమ్మేది సుమిత్రమ్మ, కొనేది నబీ సాబ్. తన పేరు అన్నిసార్లు, అంత గట్టిగా, ఒక మగవాడి గొంతులో ఆమె ఏనాడూ వినలేదు. నాగేశ్వరయ్య కలం తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"ఒక్క నిమిషం" అన్నాడు రిజిస్ట్రారు. రోజుకు పదిమందిని అడిగే మాటే, తలెత్తకుండానే అడిగాడు. "ఏమమ్మా, ఇది నీ ఇష్టంతోనే రాసిస్తాండావా? ఎవరి బలవంతమూ లేదు కదా?"

సుమిత్ర కలం వైపు చూసింది. నీకు ఇష్టమేనా అని ఆమెను పెళ్ళిలో అడగలేదు. మామగారు చదివించినప్పుడూ అడగలేదు, భర్త మాన్పించినప్పుడూ అడగలేదు. ఇరవై మూడేళ్ళకు ఎవరో ముక్కూ ముఖమూ తెలియని సర్కారు మనిషి, అడగకపోతే చట్టం ఒప్పుకోదు కాబట్టి అడిగాడు.

"లేదు సార్" అంది.

"ఏం లేదు? బలవంతం లేదంటావా?"

"ఇష్టం లేదు."

రిజిస్ట్రారు ఇప్పుడు తలెత్తాడు. నాగేశ్వరయ్య ముందు నవ్వాడు, తర్వాత పళ్ళ సందున "మే, ఏం వాగుతాండావు?" అన్నాడు. ఆమె మాట మార్చకుండా భర్త వైపు తిరిగింది. "కాలేజీలో నా రిజిస్ట్రేషన్‌కు ఈ దినమే ఆఖరు. మీరొచ్చి సంతకం పెట్టల్ల. మీకు చెప్పినా."

"ఆమె ఒప్పుకోందే నేను చేయలేనయ్యా" అని రిజిస్ట్రారు దస్తావేజు పక్కకు నెట్టాడు. గోడ గడియారం పదిన్నర కొట్టింది. అయిపోయింది, రాహుకాలం పడింది! నాగేశ్వరయ్య తల పట్టుకున్నాడు. మిట్టమధ్యాహ్నం పన్నెండు దాకా ఇంక ఆయన అమ్మడు, కొనడు, సంతకం చేయడు.

నబీ సాబ్ గడ్డం నిమురుకున్నాడు. "మాకు రాహువూ లేడు, కేతువూ లేడు గానీ, మీకుండారు కదప్పా. పన్నెండు దాకా ఈడ కూర్చుని ఈగలు తోలుకుంటామా? ఆయమ్మ పని ఏందో చూసుకొని రాండి. నేను యాడికి పోతా?"

"రాహుకాలంలో సంతకమా?"

"చదువుకు కదప్పా. నీ సొమ్ము ఏమన్నా పోతాదా?"

అట్లా, మంచి పనులకు పనికిరాని గంటన్నర సుమిత్రకు దొరికింది. కాలేజీ కిటికీ దగ్గర గుమాస్తా ఆమె వైపు చూడనే లేదు. చరిత్రా? అని నాగేశ్వరయ్యను అడిగాడు. ఎన్నో ఏడాది? అని నాగేశ్వరయ్యను అడిగాడు. ఆయనకు తెలియదు. ఆమె చెప్పింది. గుమాస్తా దాన్ని ఆయన చెప్పినట్టే రాసుకున్నాడు. నాగేశ్వరయ్య కాగితం చిరిగేటట్టు సంతకం గీశాడు.

"టర్ము టర్ముకూ రిజిస్ట్రేషన్ చేసుకోవాల" అన్నాడు గుమాస్తా. "జనవరిలో మళ్ళా ఇద్దరూ రాండి. ఈసారి ఒక్క టర్ము తప్పినా పేరు కొట్టేస్తాం. ఇంక చేర్చుకునేది లేదు."

తిరుగు దారిలో జట్కాలో నాగేశ్వరయ్య మెల్లగా, ఆవలిస్తున్నట్టుగా అన్నాడు. "ఇంటికి పోయినాక నీ కత చెప్తా. నలుగురిలో నా తల తీసేసినావు. జనవరంట, జనవరి! ఈ పొద్దు గోడౌను కానీ. జనవరికి నిన్నెవురు పంపుతారో చూస్తా."

ఇంటికి పోయాక ఏమవుతుందో ఆమెకు తెలియనిది కాదు. తలుపు గడియ పడుతుంది. పూలు తేవలసినంత పని జరుగుతుంది. అత్త పాపను ఎత్తుకుని వీధి అరుగు మీదికి పోయి, చీకటి పడేదాకా లోపలికి తీసుకురాదు. పాలు చేపి రవిక తడిసి, ఆమె లోపల కూర్చుని ఏడుపు వింటూ ఉండాలి. సంతకం పెట్టినా అదే. పెట్టకపోయినా అదే. సంతకం పెట్టాక మాత్రం, ఆమె లేకుంటే జరగని పని ఆ ఇంట్లో ఇంకొకటి మిగలదు. బుడ్డలు వలిచేందుకు ఎవరైనా దొరుకుతారు.

పన్నెండు కొట్టింది. ఆఫీసులో అందరూ మళ్ళీ కూర్చున్నారు. నబీ సాబ్ జేబురుమాలుతో ముఖం తుడుచుకుని "ఏమమ్మా, పని అయిందా?" అన్నాడు. అయిందని తలూపింది. నాగేశ్వరయ్య కలం ముందుకు జరిపాడు. రిజిస్ట్రారు ఈసారి కళ్ళద్దాలు తీసి, ఆమె ముఖంలోకి చూసే అడిగాడు.

"ఇప్పుడు ఇష్టమేనామ్మా?"

సుమిత్ర కలాన్ని తీసి, మూత పెట్టి, బల్ల మీద భర్త వైపు ఉంచింది.

"ఇప్పుడు కాదు సార్. జనవరిలో."