వాలు మీద తీర్పు

భోజనాల బల్ల మీద కంచం పెట్టుకునే చోటు లేదు. డ్రైవింగు టీచరమ్మ భర్త షాపులన్నీ తిరిగి మోసుకొచ్చిన రాళ్లు, పలకలు, సిమెంటు ముక్కలు అక్కడ కొలువు తీరాయి. మధ్యలో నల్ల గ్రానైటు ముక్క ఒకటి తళతళలాడుతోంది. ఆయన దాన్ని ముద్దుగా నిమురుతున్నాడు.

"చూడు, మన ముఖం కనిపిస్తోంది" అన్నాడు.

"ముఖం చూసుకోడానికి బాత్రూంలో అద్దముంది కదండీ" అంది టీచరమ్మ.

పోర్టికో నుంచి గేటు దాకా ఉన్న ర్యాంపు గురించి ఈ గొడవంతా. ఇల్లు మెరక మీద ఉంది, రోడ్డు పల్లంలో ఉంది. ఆ వాలు మీద ఇంతకాలం నున్నటి బండలు ఉండేవి. కింద నీళ్ల పైపు పగలడంతో వాటిని పెకలించక తప్పలేదు. ఇప్పుడు మళ్లీ ఏం పరవాలి? వేరే ఇంట్లో అయితే ఇది అందం గురించిన ప్రశ్న. టీచరమ్మకి మాత్రం పరువు గురించిన ప్రశ్న.

పోయిన వానాకాలంలో ఆ బండల మీదే ఆవిడ కారు జారింది. రివర్సులో మెల్లగా కిందికి దిగుతోంది. అత్తగారు గేటు తెరిచి స్తంభం పక్కన నిలబడ్డారు. టీచరమ్మ బ్రేకు తొక్కింది. ఆ మాట ఆవిడ ఎవరి ముందైనా ఒట్టు పెట్టి చెప్పగలదు. కారు మాత్రం వినలేదు. తీరిగ్గా, ఎవరి పనో చూసుకోవడానికి వెళ్తున్నట్టు జారుకుంటూ పోయి స్తంభానికి గుద్దుకుంది. అత్తగారు చటుక్కున పక్కకి తప్పుకున్నారు కాబట్టి సరిపోయింది. ఆవిడ చేతిలోంచి పడిన మొక్కల నీళ్లడబ్బా మాత్రం నుజ్జునుజ్జయింది.

పేటలో సగం మందికి స్టీరింగు పట్టుకోవడం నేర్పిన మనిషి తన గేటునే గుద్దేసింది. జనానికి ఇంతకన్నా కబురు ఏం కావాలి? "టీచరమ్మగారూ, మీ గేటు పరీక్ష పాసయిందా?" అని ఎదురింటాయన ఎకసెక్కాలాడాడు. దానికి ఆవిడ కూడా నవ్వేసింది. భర్త ఓదార్పునే తట్టుకోలేకపోయింది. "పోనీలే, ఎంతటివాళ్లకైనా ఒక్కోసారి కాలు తడబడుతుంది" అన్నాడాయన జాలిగా. దానికన్నా నాలుగు తిట్టినా బాగుండేది.

అత్తగారు అసలేమీ అనలేదు. కానీ ఆనాటి నుంచి కారు స్టార్టయితే చాలు, గేటు తెరిచేసి గబగబా లోపలికి వెళ్లిపోయేవారు. అది చూసినప్పుడల్లా టీచరమ్మకి ప్రాణం చివుక్కుమనేది. చివరికి కారుని వీధిలోనే చెట్టు కింద పెట్టడం మొదలుపెట్టింది. ఇప్పుడు మళ్లీ నున్నటి రాయే పరిస్తే, తప్పు రాయిది కాదని ఇంటిల్లిపాదీ ఒప్పుకున్నట్టే.

"గరుకు కాంక్రీటు పోయిద్దాం" అంది. "పచ్చిగా ఉన్నప్పుడే మేస్త్రి చీపురుతో అడ్డంగా గీతలు లాగుతాడు. టైరుకి పట్టు దొరుకుతుంది."

"గోడౌనులా ఉంటుంది. అయినా నడిపేవాళ్లు చూసి నడిపితే ఏ రాయైనా ఒకటే" అని భర్త నోరు జారాడు. వెంటనే నాలిక కరుచుకున్నాడు.

టీచరమ్మకి తల కొట్టేసినట్టయింది. ఐతే ఏడిచే రకం కాదావిడ. బల్ల మీది ముక్కలు రెండు ఆయన చేతుల్లో పెట్టి, మిగతావి తనే ఎత్తుకుంది.

"టేబుల్ మీద పెట్టి నిమిరితే అన్నీ బంగారాలే. రండి, వాలు మీద చూద్దాం."

అత్తగారు కూడా పేపరు మడిచి వెనకాలే వచ్చారు. కొడుకు ఆవిడని చాటుగా జడ్జిగారంటాడు. ఇల్లు ఆవిడది, ఆఖరి మాట ఆవిడది. ఆ మాటలు కూడా పొదుపుగానే ఖర్చు పెడతారు.

తవ్విన నేల మీద ముక్కలన్నిటినీ వరసగా ఏటవాలుగా పేర్చి టీచరమ్మ చెంబుతో నీళ్లు పోసింది. గుమ్మం దగ్గరున్న పాత రబ్బరు చెప్పు తెచ్చి, దాని మీద ఇటుక ముక్క పెట్టి, ఒక్కో రాయి మీదా ఉంచి చూసింది. గ్రానైటు మీద చెప్పు ఆగనైనా ఆగలేదు, చక్కా కిందికి పోయింది. నున్నటి టైలు మీద కాసేపు ఆలోచించి పోయింది. గీతలున్న కాంక్రీటు ముక్క మీద మాత్రం కదిలితే ఒట్టు.

"చెప్పు నడపడం వేరు, కారు నడపడం వేరు" అని నసిగాడు భర్త.

"నిజమే. చెప్పుకి లైసెన్సు అక్కర్లేదు."

జడ్జిగారు వంగి ఇటుక తీసి పక్కన పెట్టి, చెప్పు దులిపి కాలికి తొడుక్కున్నారు. అది ఆవిడదే.

"గీతలదే పోయించండి" అన్నారు. "రెండో చెప్పు ఎక్కడ పెట్టావే అమ్మాయ్?"

మేస్త్రి వచ్చాడు, కాంక్రీటు పోశాడు, చీపురు లాగాడు. గోడౌనులా ఏమీ లేదు, దువ్విన జుట్టులా తీరుగా ఉంది. టీచరమ్మ గెలిచింది. గెలిచాక గానీ ఆవిడకి అసలు సంగతి తట్టలేదు. ఇప్పుడు కారు జారితే తప్పు రాయి మీదకి నెట్టడానికి లేదు. అందుకే తడి ఆరి, దారి గట్టిపడ్డాక కూడా కారు చెట్టు కిందే ఉంది. అడిగినవాళ్లకి "నీడ బాగుంది" అని చెప్పింది.

ఒక సాయంత్రం భర్త ముచ్చటపడి కారుని తనే పైకి ఎక్కించి పోర్టికోలో పెట్టాడు. తెల్లారేసరికి జోరున వాన. పక్క వీధిలో కొత్త విద్యార్థి ఎదురుచూస్తున్నాడు. భర్త స్నానంలో ఉన్నాడు. ఇక చేసేదేం లేక టీచరమ్మ సీట్లో కూర్చుని అద్దంలోకి చూసింది.

అత్తగారు గొడుగు వేసుకుని గేటు దాకా నడిచారు. తలుపులు బార్లా తీశారు. లోపలికి తిరిగి రాలేదు. ఆనాడు ఎక్కడ నిలబడ్డారో సరిగ్గా అక్కడే, ఆ స్తంభం పక్కనే నిలబడ్డారు.

టీచరమ్మ కిటికీ దించి, "అత్తయ్యా, లోపలికి వెళ్లండి. తడుస్తారు" అని కేకేసింది.

"గొడుగుంది. నువ్వు రా."

"మీరు వెళ్తే వస్తా."

"నువ్వొచ్చాకే వెళ్తా."

ఆవిడతో వాదించి గెలిచినవాళ్లు ఆ ఇంట్లో లేరు. టీచరమ్మ రివర్సు గేరు వేసింది. సగం వాలులో, కావాలనే బ్రేకు తొక్కింది. కారు మేకు కొట్టినట్టు ఆగిపోయింది. మళ్లీ వదిలింది, మళ్లీ తొక్కింది. మళ్లీ ఆగింది. ఆపైన హాయిగా దిగి వచ్చి అత్తగారి పక్కన ఆపింది.

"ఆ రోజు కూడా తొక్కావు" అన్నారు అత్తగారు కిటికీ దగ్గరికి వంగి. "వెనక ఎర్ర లైట్లు వెలిగాయి. వెలుగుతూనే జారింది. నేను చూశాగా."

"మరి ఒక్కసారైనా చెప్పలేదేం?"

"తొక్కింది నువ్వు. నీకు తెలిసిందానికి మళ్లీ నా సాక్ష్యం ఎందుకనుకున్నా. నువ్వింత బెంగ పెట్టుకున్నావని మొన్న ఆ చెప్పుతో తంటాలు పడుతుంటే గానీ తెలీలేదు."

"కారు స్టార్టు చేస్తే లోపలికి వెళ్లిపోయేవారు కదా..."

"నాకు ఆ బండలంటే భయమే అమ్మాయ్. నువ్వంటే కాదు. పద, ఆలస్యమవుతోంది."

టీచరమ్మ కళ్లు తుడుచుకుంది. వైపర్లు ఇంకాస్త జోరుగా తిప్పి రోడ్డెక్కింది. కొత్తవాళ్లకి మొదటి రోజు ఎప్పుడూ ముందుకి నడపడమే నేర్పేది. ఆ ఉదయం మాత్రం విద్యార్థిని ఎక్కించుకుని, బండి తిప్పి తిన్నగా తన ఇంటికే తీసుకొచ్చింది.

"ఇవాళ రివర్సు నేర్చుకుందాం" అంది. "మా ర్యాంపు మీద."