రెండో మనిషి

స్టాఫ్ నర్సు మార్త నడుముకి తువ్వాలు బిగించి, దానిమీద తెల్లచీర కట్టుకుని డ్యూటీకి వస్తోందని ఎముకల వార్డులో మంచాలకి కూడా తెలుసు. పద్నాలుగేళ్ళు మనుషుల్ని ఎత్తీ దించీ ఆ నడుము చెడింది.

ఎత్తడానికి మరియదాసనే వార్డుబాయి ఉన్నాడు, కాగితం మీద. మనిషి మాత్రం సూపరింటెండెంటు వెంకటకృష్ణారావు గారి బంగళాలో బంతిమొక్కలకి నీళ్ళు పోస్తుంటాడు.

అతన్ని వార్డుకి పంపమని మార్త అర్జీ పెట్టింది. ఆయన చదివి పక్కన పడేశాడు.

"నడుంనొప్పి ఏ ఆడదానికి లేదమ్మా? ఎత్తలేనంటే చెప్పు, పనికిరావని రాసేస్తాను. ఇంటిదగ్గర కూర్చుందువు గాని."

ఆ ఇంట్లో జీతం తెచ్చేది మార్త ఒక్కతే. నోరు మూసుకుని వార్డుకి వచ్చి, మూడో నంబరు మంచం పట్టె పట్టుకుని మెల్లిగా వంగింది. ఆ మంచం మీద కాలికి పిండికట్టుతో ఉన్నవాడు పీరు, గుడివాడ వైపు రైసుమిల్లులో బస్తాల ముఠా మేస్త్రి.

"సిస్టరమ్మా, మా దగ్గర బస్తా మోసేది ఒక్కడే. నేలమీద నుంచి లేపేది మాత్రం ఇద్దరు. రెండోవాడు రాకపోతే బస్తా అక్కడే ఉంటది. మిల్లు ఓనరొచ్చి గంతులేసినా ముట్టం."

"బస్తాకి నొప్పి తెలీదు పీరూ. మనిషికి తెలుస్తుంది."

"రేపు ఎక్స్‌రేకి వెళ్ళేది నేనేగా. నా సంగతి నేను చూసుకుంటా."

మర్నాడు ఎక్స్‌రే గదివాడు పీరుని చక్రాలబండి మీద తెచ్చి, మంచం పక్కన వదిలి వెళ్ళిపోయాడు. మార్త చేతులు కట్టుకుని నిలబడింది. అంతలో సూపరింటెండెంటు రౌండ్సుకి వచ్చాడు, వెనక నలుగురు కుర్రడాక్టర్లు.

"ఇంకా బండిమీదే ఉన్నాడేం? మంచం మీదికి మార్చు."

"రెండో మనిషి రావాలండి."

"నిన్నటిదాకా ఎలా మార్చావు?"

"ఒక్కదాన్నేనండి. అందుకే ఇవాళ మార్చను."

"పనికిరావని రాయమంటావా?"

"రాయండి సార్. మరియదాసు పని మార్త చెయ్యలేకపోయిందని రాయండి. మరియదాసు ఎక్కడున్నాడో కూడా అందులోనే రాయండి."

కుర్రడాక్టర్లు ఫ్యాను వంక చూశారు. ఆయన పీరు వైపు తిరిగాడు.

"నీకు కష్టంగా లేదుటయ్యా?"

"హాయిగా ఉందండి అయ్యగారూ. ఈ గాలి మంచం మీదికి రాదు."

"ఈమాత్రం దానికి ఇంత రభసా?" అంటూ ఆయన కోటు చేతులు పైకి లాగి పీరు భుజాల కింద చేతులు పెట్టాడు. మార్త కాళ్ళవైపుకి వచ్చింది.

"మోకాళ్ళు వంచండి అయ్యగారూ, నడుము కాదు," అన్నాడు పీరు. ఆయన వినలేదు.

పీరు మంచం మీదికి చేరాడు. ఆయన మాత్రం సగం వంగినవాడు వంగినట్టే ఉండిపోయి, మంచం పట్టె పట్టుకున్నాడు. మార్త ముక్కాలిపీట తెచ్చి ఆయన వెనక వేసింది. వార్డంతా దగ్గు ఆపుకుని చూస్తోంది.

సాయంత్రం మరియదాసు వచ్చాడు. కాళ్ళకి బంగళా బురద, చేతిలో మార్త పేర మెమో. మాట విననందుకు మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలట.

మార్త సంతకం పెట్టి, మెమో సొరుగులో పడేసింది.

"ముందా కాళ్ళు కడుక్కురా. ఏడో నంబరుని దించాలి. నువ్వు భుజాలవైపు."