లోపలికి పరుగెత్తే చుక్క

అదిగో, సరిగ్గా అక్కడే ఆగారు జనం, మెట్ల మలుపులో, తను కంప్యూటర్లో వదిలిన చుక్కలు ఆగినచోటే, మళ్లీ కదిలారు, నాలుగో అంతస్తులో పొగ అని గంట మోగగానే ఆఫీసు ఆఫీసంతా తన తెరమీది బొమ్మలా మారిపోయింది, ఆవరణలో నిలబడి గాజుగోడలోంచి చూస్తుంటే భయపడాల్సింది పోయి ఆమె ఛాతీ పొంగుతోంది, ఈ భవనం బాగోగులు చూసే ఇంజనీరు మరి, ఒక్కో చుక్కకీ ఒక్కో మనిషి నడకా తొందరా భయమూ పెట్టి, ఏ తలుపు ఎక్కడ తెరవాలో వాటినే అడిగి తెలుసుకున్నది తనే, మలుపులో పూలకుండీలు తీయించిందీ తనే, చుక్కలమ్మా, నీ చుక్కల్లో నేనెవర్నే అని అకౌంటెంటు అక్క ఆటపట్టిస్తే, హ్యాండ్‌బ్యాగు కోసం వెనక్కి తిరిగేదానివి అక్కా అంది, చూడు, తిరగనే తిరిగింది, వెనకవాళ్లు కసిరి కిందికి తోలుకొస్తున్నారు, అదీ లెక్కలో వేసిందే.

చుక్కలన్నీ నీలం, ఒక్కటే ఎరుపు, అన్నీ బయటికి, అదొక్కటే లోపలికి, ఆ బొమ్మ చూపించిన రోజు మీటింగులో డైరెక్టర్ పగలబడి నవ్వాడు, దీనికేమైనా మతి పోయిందా, ప్రోగ్రాంలో తప్పుంది చూసుకోమ్మా, తప్పు కాదు సార్, అది మా నాన్న, మన మెయింటెనెన్స్ మేస్త్రీ, గంట మోగితే గాలి ఫ్యాన్లు ఆపడానికి పైకే పోతాడు, ఆపకపోతే పొగ గొట్టాల్లోంచి అన్ని గదులకీ పాకుతుంది, ఆయనెక్కే వెనక మెట్లనేమో మీరు పాత కుర్చీల గోడౌన్ చేస్తానంటున్నారు, అప్పుడు ఈ జనానికి ఎదురెక్కాలి, ఇదిగో, అని మీట నొక్కింది, ఎర్ర చుక్క మలుపులో ఇరుక్కుంది, దాని చుట్టూ నీలం గడ్డకట్టింది, నవ్వు ఆగింది, కుర్చీలు వేరే చోటు చూసుకున్నాయి, ఇంట్లో చెబితే నాన్న, నన్ను చుక్కని చేశావా, మీసాలైనా పెట్టలేదా అన్నాడు.

కింది అంతస్తుల్లోకి పొగ రాలేదు, అంటే ఫ్యాన్లు ఆగాయి, ఎక్కాడన్నమాట, మరి దిగడేం, చుక్కయితే ఈపాటికి వచ్చేసేది, జనమంతా బయటే, ఫైరింజను కూత ఇంకా దూరంలోనే, అక్క వచ్చి తన చెయ్యి గట్టిగా పట్టుకుంది, నడుముకున్న వాకీటాకీ గరగరలాడింది, నాన్న గొంతు, దగ్గు, ఆపేశానమ్మా, వెనక మెట్లమీద ఎవరో పెద్దాయన కాలు మడతపడి కూలబడ్డాడు, ఒక్కణ్ణే మొయ్యలేకపోతున్నా, ఎవర్నైనా పంపు, నువ్వు మాత్రం రాకు, బుద్ధిగా అక్కడే ఉండు, అలాగే నాన్నా అంటూనే ఉంది, అక్క చెయ్యి ఎప్పుడు విడిపించుకుందో, ఏయ్ చుక్కలమ్మా ఎక్కడికే అన్న కేక వెనకబడింది, ముక్కుకి చేతిరుమాలు, కాళ్లకింద వెనక మెట్లు, అడ్డంగా ఒక్క కుర్చీ లేదు, పై మలుపులో నాన్న, రావద్దన్నానా, అన్నావు, అని పెద్దాయన రెండో చంక కింద తన భుజం పెట్టింది, తిట్టబోయి నాన్న మీసాల్లో నవ్వాడు, ఛాతీలో మళ్లీ ఆ పొంగు, ఈసారి చుక్కల్ని చూసి కాదు, డైరెక్టర్ చెప్పింది నిజమే, ప్రోగ్రాంలో తప్పుంది, ఎర్ర చుక్కలు రెండు పెట్టాల్సింది.